ఒకేసారి పడిపోని ఊరు

"వాన పడకపోతే పంట ఉండదు. పంట లేకపోతే తిండి ఉండదు. కరువంటే ఇంతేగా, ఇందులో శాస్త్రం ఏముంది?"

చాలామంది అడిగే ప్రశ్న ఇది. సబబైన ప్రశ్నే. అయితే మెట్టప్రాంతాల్లో తిరిగేవాళ్లకు కనిపించే ఒక విషయం ఈ జవాబుకు లొంగదు. ఒకే ఏడాది, ఒకే మండలంలో, ఒకే మబ్బు కింద ఉన్న రెండు ఊళ్లలో ఒకటి ఇళ్లకు తాళాలు వేసి, పిల్లల్ని చంకనేసుకుని, హైదరాబాదు కూలీల అడ్డాల మీదికి వెళ్లిపోతుంది. పక్క ఊళ్లో కష్టమే అయినా పొయ్యి వెలుగుతుంది. విత్తనాలు అమ్ముకోకుండా, పశువుల్ని కబేళాకు తోలకుండా ఆ ఏడాదిని దాటేస్తారు. వానలో తేడా లేదు, నేలలో పెద్దగా తేడా లేదు. మరి తేడా ఎక్కడుంది?

ఆకలికి వాన ఒక్కటే కారణమైతే దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. కారణం వాన దగ్గర కాక, వానకూ కంచానికీ మధ్య మనుషులు చేసుకున్న ఏర్పాట్లలో ఉంటే, వాటిని మార్చుకోవచ్చు.

ధాన్యం ఉండగానే ఆకలి

ముందు ఒక పాత నమ్మకాన్ని సరిచూసుకుందాం. కరువు చావులంటే దేశంలో తిండిగింజలు లేకపోవడమేనని ఎంతోకాలం అనుకున్నారు. 1943లో బెంగాల్‌లో 20 నుంచి 30 లక్షల మంది ఆకలితో, ఆకలి వెంట వచ్చిన రోగాలతో చనిపోయారు. ఆ ఘోరాన్ని పసివాడిగా కళ్లారా చూసిన అమర్త్య సేన్ పెద్దయ్యాక అర్థశాస్త్రవేత్తగా దాని లెక్కలు తీశాడు. 1981లో వచ్చిన 'పావర్టీ అండ్ ఫామిన్స్' పుస్తకంలో ఆయన చూపించింది చాలామందిని నిర్ఘాంతపరిచింది. 1943లో బెంగాల్‌లో అందుబాటులో ఉన్న ధాన్యం 1941లో ఉన్నదానికంటే ఎక్కువే. 1941లో కరువు రాలేదు, 1943లో వచ్చింది.

జరిగిందేమిటంటే, యుద్ధం వల్ల బియ్యం ధర చుక్కలనంటింది. పల్లెల్లో కూలి మాత్రం ఉన్నచోటే ఉంది. బియ్యం కొట్లో ఉన్నాయి, కొనే శక్తి కూలివాడి చేతిలో లేదు. మొదట పోయింది కూలీలు, జాలర్లు, చేతివృత్తులవాళ్లు. ధాన్యాన్ని ఇంట్లో ఉంచుకున్న రైతులు చాలావరకు బతికారు. సేన్ వాడిన పంట లెక్కల మీద తర్వాత వాదోపవాదాలు జరిగాయి గానీ, చచ్చిపోయింది ఎవరన్న విషయంలో వివాదం లేదు.

మన నేల మీదా ఇదే జరిగింది. 1876-78 నాటి ధాత కరువు రాయలసీమను ఊడ్చేసింది. అప్పటికే రైళ్లు ఉన్నాయి. ఆ రైళ్లు ధాన్యాన్ని ఆకలి ఉన్నచోటికి కాక, ధర ఉన్నచోటికి మోశాయి. దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను, అంటే దాదాపు 450 గ్రాముల ధాన్యం చాలని తేల్చి కూలి తగ్గించాడు. దానిమీద నాడు పెద్ద గొడవే జరిగింది.

కాబట్టి "ఎన్ని టన్నులు పండాయి?" అన్న ప్రశ్నతో ఆగిపోతే ఆకలి మనకు అర్థం కాదు. ఒక ఇంటికి తిండి ఎన్ని దారుల్లో వస్తుంది, ఆ దారులన్నీ ఒకేరోజు మూసుకుపోతాయా, ఒకటి మూసుకుపోతే మరొకటి తెరిచే అధికారం ఎవరి చేతిలో ఉంది? ఈ మూడూ అడగాలి.

నాలుగు జీతాలు, ఒకే మిల్లు

ఒక ఇంట్లో సంపాదించేవాళ్లు నలుగురు అనుకుందాం. నలుగురూ ఒకే మిల్లులో పనిచేస్తున్నారు. నెలనెలా నాలుగు జీతాలు వస్తాయి, ఇల్లు దర్జాగా నడుస్తుంది. పక్కింట్లోనూ నలుగురే. ఒకరు ఆ మిల్లులోనే, ఒకరు బడిలో పంతులు, ఒకామె కుట్టుమిషన్ మీద, ముసలాయన రెండు గేదెల పాలు పోసి. ఈ ఇంటి రాబడి మొదటి ఇంటికన్నా తక్కువే. కానీ మిల్లు మూతపడిన రోజు మొదటి ఇంటికి నాలుగు జీతాలూ ఒక్కసారే ఆగిపోతాయి. రెండో ఇల్లు ఇరుకున పడుతుంది, అంతే. పస్తు పడుకోదు. పైగా మొదటి ఇంటివాళ్లు ఎవర్నైనా అప్పు అడుగుదామన్నా, వీధిలో అందరూ మిల్లువాళ్లే అయితే ఎవరి దగ్గరా పైసా ఉండదు.

ఈ చివరి మాటే కీలకం. ఒకరికి జ్వరం వస్తే పదిమంది ఆదుకుంటారు. పదిమందికీ ఒకేసారి వస్తే ఆదుకునేవాళ్లెవరు? ఇలా అందరి మీదా ఒకేసారి విరుచుకుపడేదాన్ని 'కలిసి పడే ముప్పు' అందాం. శాస్త్రవేత్తలు వాడే మాట కోవేరియేట్ రిస్క్. కరువు అచ్చంగా ఆ జాతిదే.

ఉమ్మడి అనంతపురం జిల్లా మొదటి ఇంటి దారిలోనే నడిచింది. అక్కడ ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. ఒకప్పుడు కొర్ర, జొన్న, సజ్జ, ఆరిక, కంది, ఉలవ వేసిన ఆ నేల క్రమంగా వేరుశనగ వైపు మళ్లింది. నూనెగింజలకు ధర ఉంది, అప్పు పుట్టేది, రైతు మొగ్గు చూపడంలో తప్పేమీ లేదు. వేరుశనగ దాదాపు ఏడెనిమిది లక్షల హెక్టార్లకు పాకింది. ఒక జిల్లాలో అంత నేలమీద ఒకే పంట!

వేరుశనగ పువ్వు పైన పూస్తుంది, కాయ మాత్రం మట్టిలో కాస్తుంది. పూత తర్వాత ఊడలు కిందికి దిగి నేలలో దూరాలి. సరిగ్గా ఆ రోజుల్లో వాన ముఖం చాటేస్తే పైమట్టి గట్టిపడి ఊడ దిగదు. చెట్టు పచ్చగానే కనిపిస్తుంది, పీకి చూస్తే కాయలుండవు. ఏడాది మొత్తం వాన సగటుకు సరిపోయినా, ఆ రెండు మూడు వారాల బెట్ట చాలు పంట పోవడానికి. జిల్లా అంతా ఒకే పంట, ఇంచుమించు ఒకే వారంలో వేసింది కాబట్టి, ఊడలు దిగేదీ అంతటా ఒకేసారి. రైతు పోతాడు, రైతు దగ్గర కూలికి పోయేవాడు పోతాడు, మేత లేక పశువు పోతుంది. పక్క ఊరికి పోయి పని వెతుక్కుందామంటే అక్కడా అదే కథ. మిగిలింది బెంగళూరు బస్సు.

ఐదు, ఎనిమిది, ముప్పై ఆరు

పంటలు కలిపి వేయడం వెనకబాటుతనమని వ్యవసాయ నిపుణులు అనుకున్న రోజులున్నాయి. దాన్ని కొలిచి చూసింది పటాన్‌చెరులోని ఇక్రిశాట్. మెట్టపంటల మీద పరిశోధనకు 1972లో ఏర్పడిన అంతర్జాతీయ సంస్థ అది. అక్కడి ఎం.ఆర్. రావు, ఆర్.డబ్ల్యు. విల్లీ జొన్న, కందిలతో జరిగిన ప్రయోగాలు 90కి పైగా కుప్పపోసి, ఫలితాన్ని 1980లో ప్రచురించారు. ఎకరా రాబడి ఒక గీత కన్నా దిగువకు పడిపోతే దాన్ని 'ఆపద' అనుకున్నారు. కంది ఒక్కటే వేస్తే ఆ ఆపద ఐదేళ్లకోసారి వస్తుంది. జొన్న ఒక్కటే వేస్తే ఎనిమిదేళ్లకోసారి. రెండూ సాళ్లలో కలిపి వేస్తే ముప్పై ఆరేళ్లకోసారి.

ఈ మూడు అంకెల ముందు కాసేపు ఆగాలి. ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని రెండు ఆపదలు, ఒకటి ఐదేళ్లకోసారి, మరొకటి ఎనిమిదేళ్లకోసారి వస్తుంటే, రెండూ ఒకే ఏడాది వచ్చిపడేది నలభై ఏళ్లకోసారి. ముప్పై ఆరు దానికి చాలా దగ్గర. అంటే ఒకే చేలో, ఒకే వాన కింద పెరుగుతున్నా, జొన్న కష్టం వేరు, కంది కష్టం వేరు అన్నమాట. జొన్న నాలుగు నెలల్లోపే కోతకొస్తుంది. కంది ఆరు నెలలదాకా నిలబడి వేరును లోతుకు పంపుతుంది. ముందు వాన తప్పితే జొన్న దెబ్బతింటుంది, వెనక వాన కందిని నిలబెడుతుంది. వెనక వాన తప్పితే జొన్న అప్పటికే ఇల్లు చేరి ఉంటుంది. రెండో ఇంట్లో నలుగురు నాలుగు చోట్ల పనిచేసినట్టే ఇది.

అదే సంస్థలో 1990లో బయటపడిన ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. ఎర్రనేలల్లో భాస్వరం ఉంటుంది గానీ ఇనుముతో ముడిపడి పంటలకు అందదు. కంది వేరు ఒక ఆమ్లాన్ని, పిసిడిక్ ఆమ్లం దాని పేరు, మట్టిలోకి ఊరిస్తుంది. అది ఇనుమును పట్టుకుని భాస్వరాన్ని విడిపిస్తుంది. తర్వాత ఆ చేలో వేసిన పంటకూ ఆ మేలు అందుతుంది. కంది వేసిన చేలో మరుసటి ఏడు జొన్న బాగొస్తుందని చెప్పిన ముసలి రైతుల మాట వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి. కంది వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చడం మరొకటి.

పస్తాపూర్ చుట్టూ ఉన్న చేలు

పటాన్‌చెరు నుంచి ముంబయి రోడ్డు మీద ముందుకు పోతే, అదే సంగారెడ్డి జిల్లాలో, కర్ణాటక సరిహద్దున జహీరాబాద్ ఉంది. దానికి ఆనుకుని పస్తాపూర్. 1983లో అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాన్ని నడిపించిన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసినవారు. 2023 మార్చిలో కన్నుమూశారు. సొసైటీకి ప్రాణం మాత్రం డెబ్భై దాకా ఊళ్లలో ఏర్పడిన మహిళా సంఘాలు. ఎక్కువమంది దళిత స్త్రీలు. ఒకటి రెండు ఎకరాల చెలక ఉన్నవాళ్లు, అదీ లేనివాళ్లు. భూమి లేనివాళ్లు కలిసి కౌలుకు తీసుకుని సాగు చేశారు.

వాళ్ల చేలో ఒక ఎకరంలో పన్నెండు పంటలు ఉండటం మామూలు, ఇరవై దాటిన చేలూ ఉన్నాయి. పచ్చజొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, మినుము, బొబ్బర, నువ్వు, పుంటికూర. వాళ్లు కొన్నింటిని తినడానికి, కొన్నింటిని పశువులకు, కొన్నింటిని చేను కోసం వేస్తారు. పెసర రెండు నెలల చిల్లరలో చేతికొస్తుంది. కొర్రకు మూడు నెలలు. తర్వాత జొన్న. అన్నిటికన్నా చివర కంది. ఆకలి నెలలన్నీ ఒక పంట కోసం ఎదురుచూస్తూ కూర్చోవాల్సిన పని లేదు.

వరితో పోల్చి చూడండి. ఒక పంట కాలానికి వరి దాదాపు 1200 మిల్లీమీటర్ల నీరు అడుగుతుంది. జొన్నకు నాలుగైదు వందలు చాలు. కారణం ఆకులోపల ఉంది. ఏ మొక్కైనా ఆకుల మీది సన్నటి రంధ్రాలు తెరిచి గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. రంధ్రం తెరిస్తే లోపలి తేమ బయటికి పోతుంది. మొక్క బతుకంతా ఈ బేరమే. వరి, వేరుశనగ లాంటివి ఆ వాయువును నేరుగా వాడుకుంటాయి. ఎండ ముదిరితే ఆ యంత్రాంగం తడబడి, బొగ్గుపులుసు వాయువుకు బదులు ఆక్సిజన్‌ను పట్టుకుని శ్రమ వృథా చేసుకుంటుంది. జొన్న, సజ్జ, కొర్రలు ముందుగా ఆ వాయువును ఒక ప్రత్యేకమైన అరలోకి తోడి చిక్కబరుస్తాయి, ఆ తర్వాతే వాడతాయి. అందువల్ల రంధ్రాలు కొద్దిగా తెరిచినా పని జరిగిపోతుంది, తేమ మిగులుతుంది. వృక్షశాస్త్రంలో వీటిని సి-4 మొక్కలంటారు. జొన్నకు ఇంకో గుణం ఉంది. బెట్ట వస్తే ఆకు చుట్టుకుని, ఎదుగుదల ఆపుకుని, వాన వచ్చేదాకా ఓపిక పడుతుంది. మళ్లీ తడి తగిలితే ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలుపెడుతుంది.

యాసంగిలో వేసేవాటిని అక్కడి ఆడవాళ్లు 'సత్యం పంటలు' అంటారు. తెల్లజొన్న, శనగ, గోధుమ, కుసుమ, అవిసె. వాన ఉండదు, బోరు ఉండదు, ఎరువు ఉండదు. సత్యం మీద పండుతాయని వాళ్ల నమ్మకం. ఆ సత్యానికి నల్లరేగడి మట్టి తోడుంది. ఆ మట్టిలోని బంకరేణువులు పలచని పొరలు పొరలుగా ఉండి, వానకాలంలో పొరల మధ్య నీరు పట్టుకుని ఉబ్బుతాయి. చలికాలంలో దాన్ని కొంచెం కొంచెంగా వేళ్లకు వదులుతాయి. రాత్రుళ్లు కురిసే మంచు ఆకుల మీది తేమను నిలుపుతుంది.

చేలో ఎవరూ వేయని పంట కూడా ఉంది. దొగ్గలికూర, తుమ్మికూర, చెంచలికూర, పొన్నగంటి లాంటి ఆకులు సాళ్ల మధ్య వాటంతటవే మొలుస్తాయి. భూమిలేని ఇల్లాలు కూడా ఎవరి చేలోనైనా తెంపుకోవచ్చు, అది ఊరి ఆనవాయితీ. కలుపుమందు కొట్టిన చేలో ఆ కూర చచ్చిపోతుంది. ఏ పంటల లెక్కలోనూ ఆ నష్టం ఎక్కదు, ఆమె కంచంలో మాత్రం కనబడుతుంది. జొన్న రొట్టెలో తక్కువైన లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో కొరవడిన మెథియొనిన్ జొన్నలో దొరుకుతుంది. సజ్జలో ఇనుము పాలిష్ పట్టిన బియ్యంలో కన్నా దాదాపు పదింతలు. అందులో ఒంటికి పట్టేది కొంతే అయినా, తేడా చిన్నది కాదు. ఆకలి తీరడం వేరు, ఒళ్లు నిలబడటం వేరు. చేలో రకాలు తగ్గితే కంచంలోనూ తగ్గుతాయి.

విత్తనం ఎవరి బుట్టలో ఉంది?

కరువు ఏడాది మనిషిని అన్నిటికన్నా లోతుగా దెబ్బతీసేది విత్తనం తినేయాల్సి రావడం. ఈ ఏటి పంట పోతే ఒక ఏడాది ఆకలి. విత్తనం పోతే వచ్చే ఏడాది మంచి వాన పడినా వేయడానికేమీ ఉండదు, షావుకారు గుమ్మం ఎక్కాలి. ఒక కరువు రెండవుతుంది.

జహీరాబాద్ సంఘాల్లో ఒక్కో స్త్రీ ఇంట్లో పదుల రకాల విత్తనాలు ఉంటాయి. విత్తే ముందు గింజ ఏరడం కాదు, చేలో నిలబడ్డ పైరులోనే మంచి కంకిని గుర్తుపట్టి వేరుగా కోస్తారు. ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి, బుట్టలో పోసి, మట్టి పేడలతో అలికి మూస్తారు. ఇందులో ప్రతి పనికీ ఒక లెక్క ఉంది. గింజలోని తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు ఇంచుమించు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రంలో హారింగ్టన్ సూత్రం చెబుతుంది. అలికిన మూత గాలిలోని చెమ్మను రానివ్వదు. సన్నటి బూడిద పురుగు ఒంటిమీది మైనపు పూతను గీకేస్తుంది, అది ఎండి చస్తుంది.

విత్తనం కావలసినవాళ్లు సంఘం నుంచి తీసుకుని, పంట వచ్చాక తీసుకున్నదానికి ఒకటిన్నర, రెండింతలు గింజలే తిరిగిస్తారు. డబ్బు ప్రసక్తి లేదు. అలా బుట్ట తరిగేకొద్దీ పెరుగుతుంది. సంక్రాంతి రోజుల్లో మొదలయ్యే పాత పంటల జాతరలో అలంకరించిన ఎడ్లబళ్ల మీద ఆ విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. చూడటానికి పండుగ. పనికి మాత్రం ఇది ఏ రకం ఎవరి దగ్గరుందో పది ఊళ్లకూ తెలిపే ఏర్పాటు. ఒక ఊళ్లో రకం అంతరించినా పక్క ఊళ్లో బతికి ఉంటుంది.

ఇక్రిశాట్ శీతల గదుల్లో లక్షకు పైగా రకాలు భద్రంగా ఉన్నాయి. ఆ గదులు కావాలి. 2015లో సిరియా యుద్ధం వల్ల అలెప్పోలోని విత్తన నిధి అందకుండా పోయినప్పుడు, నార్వేలోని స్వాల్‌బార్డ్ మంచు నేలమాళిగలో దాచిన నకళ్లే ఆ రకాలను తిరిగి పండించడానికి ఆధారమయ్యాయి. అయితే చలిగదిలో గింజ నిద్రపోతుంది. చేలో గింజ ఏటేటా మారుతున్న ఎండను, వానను, పురుగును ఎదుర్కొంటూ తననూ మార్చుకుంటుంది. రెండూ ఒకదానికి ఒకటి ప్రత్యామ్నాయం కావు.

ఊరి జొన్నల గరిసె

పంట బాగా పండిన ఊళ్లోనూ ఆషాఢ శ్రావణాల్లో పేద ఇళ్ల గాదెలు ఖాళీ. కొత్త పంట ఇంకా పైరు మీదే ఉంటుంది, ధర అప్పుడే పెరుగుతుంది. ఆ రోజుల్లో ఆసామి దగ్గర ధాన్యం 'నాగు' తెచ్చుకుని, పంట మీద ఒకటిన్నర రెట్లు కొలిచివ్వడం తెలంగాణ పల్లెలకు తరతరాల అనుభవం.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం ఆ అవమానాన్ని చాలావరకు తగ్గించింది. దాని విలువను తక్కువ చేసి మాట్లాడటం నాకు నచ్చదు. పస్తులున్న ఇంట్లో అన్నం ఉడికింది. కానీ దానికి ఇంకో వైపు కూడా ఉంది. ఎక్కడో కాలువల కింద పండిన బియ్యం చవగ్గా ఇల్లు చేరాక, మెట్టరైతు జొన్నను అడిగేవాడు లేకుండా పోయాడు. దుక్కికీ ఎరువుకూ డబ్బు లేని పేదల చెలకలు పడావు పడ్డాయి. ఆ చెలకల్లో చాలా భాగం ప్రభుత్వమే దళితులకు పట్టాలిచ్చిన భూమి.

1990ల మధ్యలో జహీరాబాద్ సంఘాలు ఈ రెండు చిక్కుముళ్లనూ కలిపి విప్పాయి. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో ముప్పై దాకా ఊళ్లలో, రెండువేల ఎకరాలకు పైబడిన పడావు భూమిని దున్నడానికి రైతులకు ముందుగా పెట్టుబడి ఇచ్చారు. అప్పు తీర్చాల్సింది రూపాయల్లో కాదు, జొన్నల్లో, కొన్నేళ్లపాటు. ఆ జొన్నలు పట్నం గోదాముకు పోలేదు, ఊళ్లోనే నిలవయ్యాయి. వానాకాలపు ఆకలి నెలల్లో వాటిని పేద ఇళ్లకు చవగ్గా అమ్మారు. వచ్చిన డబ్బు మళ్లీ మరుసటి ఏటి దుక్కికి.

ఎవరు పేద? ఇక్కడే సాధారణంగా పథకాలు గతి తప్పుతాయి. ఈ ఊళ్లలో అందరూ కూర్చుని, నేలమీద ఊరి పటం గీసి, ఏ ఇల్లు ఏ స్థితిలో ఉందో అందరి ఎదుటా తేల్చారు. నిరుపేద ఇంటికి ఎక్కువ జొన్నలు, కాస్త నిలదొక్కుకున్న ఇంటికి తక్కువ. ఏ పూట ఎవరింట్లో గంజితో సరిపెట్టుకున్నారో, ఎవరి పిల్లవాడు జీతానికి కుదిరాడో పొరుగామెకు తెలిసినట్టు ఏ ఆఫీసు కాగితానికీ తెలియదు.

అప్పును జొన్నల్లో కట్టించడం చిన్న సంగతిలా కనిపిస్తుంది. అందులో చాలా తెలివి ఉంది. రూపాయల్లో అయితే పంట చేతికి రాగానే, ధర అడుగంటిన రోజుల్లో, రైతు అమ్ముకోక తప్పదు. గింజల్లో కడితే ధర ఎటు పోయినా బాకీ మారదు. తిండి ఊరు దాటదు. పైగా జొన్న నిలవకు మంచిది. పూర్వం ఊళ్లలో తవ్విన పాతరల్లో జొన్న ఏళ్లతరబడి ఉండేది. మూత వేసిన పాతరలో గింజలూ పురుగులూ కలిసి ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి, పురుగుకు ఊపిరాడదు.

2020 లాక్‌డౌన్‌లో రవాణా స్తంభించినప్పుడు ఈ ఊళ్లలో తిండికి అంగలార్చాల్సిన పని పడలేదు. సంఘాల స్త్రీలే జహీరాబాద్‌లో పారిశుద్ధ్య కార్మికులకు, పోలీసులకు, ఆరోగ్య సిబ్బందికి చిరుధాన్యాల గంజి కాచి పోశారు. అంతకు ముందు ఏడాది, 2019లో, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం వీళ్లకు వచ్చింది.

ఊరు ఒక్కటే మోయలేనిది

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక చేయాలి. ఊరి గరిసె ఒక ఏడాది కరువును మోస్తుంది. వరసగా రెండేళ్లు పంట పోతే అప్పు తీసుకున్నవాళ్లంతా ఒకేసారి కట్టలేరు, గరిసె అడుగు కనబడుతుంది. ధాన్యం బ్యాంకులు మూతపడటానికి ఇదొక కారణం. మిల్లు వీధిలో మిల్లువాడు మిల్లువాడిని అప్పు అడిగిన పరిస్థితే. కలిసి పడే ముప్పుకు ఊరిలోపల మందు లేదు. ఊరి బయట, వేరే వాన కింద ఉన్నవాళ్లతో ముడి ఉండాలి. ఆ ముడే రేషన్ దుకాణం, ఉపాధి పని, పంట బీమా. అందుకే "ప్రజలే చూసుకుంటారు" అని ప్రభుత్వం చేతులు దులుపుకోవడానికి జహీరాబాద్‌ను సాక్ష్యంగా చూపించేవాళ్లతో నేను ఏకీభవించను. తట్టుకుని నిలబడే శక్తి, రెజిలియన్స్ అన్నది, ఊరికీ రాజ్యానికీ మధ్య పంచుకున్న బాధ్యత.

నీళ్ల విషయంలోనూ అంతే. ఎకరంలో ఎన్ని పంటలున్నా, పక్క చేలో నాలుగు బోర్లు భూగర్భాన్ని తోడేస్తే తాగడానికే నీరుండదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, మహబూబ్‌నగర్, ప్రకాశం లాంటి ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2000ల్లో ఒక మంచి ప్రయత్నం జరిగింది. రైతులే వానమాపకం చదివారు, బావుల్లో మట్టం కొలిచారు. యాసంగికి ముందు ఊరంతా కూర్చుని, కింద ఎంత నీరుంది, అనుకున్న పంటలకు ఎంత కావాలి అని లెక్క వేసుకున్నారు. ఎవరినీ నిర్బంధించలేదు. లెక్క కళ్లముందు కనబడ్డాక చాలామంది వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్లారు.

కష్టాలూ ఉన్నాయి. సామ, కొర్ర పొట్టు తీయడం ఆడవాళ్ల రెక్కల్ని విరగ్గొట్టే పని. ప్రతి ఊరికీ చిన్న దంపుడు యంత్రం లేకుండా "చిరుధాన్యాలు తినండి" అని చెప్పడం వాళ్లకు అన్యాయం. చదువుకున్న పిల్లలు చెలకలోకి దిగడం లేదు. చుట్టూ చెరకు, పత్తి విస్తరిస్తున్నాయి. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో పారిశ్రామిక మండలికి పన్నెండు వేల ఎకరాలకు పైగా భూమిని గుర్తించారు. నేలే చేజారితే ఇక్కడ చెప్పిన ఏర్పాటేదీ నిలవదు.

2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలను కూడా రేషన్‌లో ఇవ్వడానికి వీలు కల్పించింది. కర్ణాటక రేషన్‌లో రాగులు, జొన్నలు ఇస్తోంది. ఒడిశా 2017లో చిరుధాన్యాల కార్యక్రమం మొదలుపెట్టి, గిరిజన రైతుల నుంచి రాగులు మద్దతు ధరకు కొని రేషన్ దుకాణాలకు పంపుతోంది. మన రెండు రాష్ట్రాల్లో రేషన్ అంటే ఇప్పటికీ ప్రధానంగా బియ్యమే. మీది మెట్ట ఊరైతే, వచ్చే గ్రామసభలో ఒక్క తీర్మానం పెట్టించండి. మా మండలంలో పండిన జొన్నలు, కొర్రలు, రాగులు మా మండలంలోనే మద్దతు ధరకు కొనాలి, మా రేషన్ దుకాణంలోనే ఇవ్వాలి, పొట్టు తీసే యంత్రం మా మహిళా సంఘానికి ఇవ్వాలి. తీర్మానాన్ని పుస్తకంలో రాయించి, సంతకాలు పెట్టించి, నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.